ఒకే తేదీన పుట్టిన ముగ్గురు

నేను దిగాల్సిన పారమట్టాకు ఒక్క స్టేషను ముందు రైలు ఆగిపోయింది. తలుపులు తెరుచుకోలేదు, ఏసీ కూడా ఆగింది. కిటికీ పక్కన నేను, నా దారికడ్డంగా తెల్లజుట్టు ఆవిడ, ఆవిడ ఒళ్లో కాగితాలు. రైలు కదలదు, ఆవిడ కథ వదలదు.

ఆ కాగితాలు ఇంగ్లండులోని ఒక పల్లె చర్చి పాత రిజిస్టరు నకళ్లు. ముత్తాత సమాధికి కొత్త రాయి చెక్కించడానికి ఆవిడకు ఆయన పుట్టినతేదీ కావాలి.

"చూడు డియర్, ముత్తాతకీ, ఆయన అన్నకీ, అక్కకీ ఒకే తేదీ, ఒకే ఏడాది! కానీ అన్నకంటే నాలుగేళ్లు చిన్నవాడాయన. మూడేళ్లుగా ఇక్కడే ఇరుక్కుపోయాను."

నేనూ ఇరుక్కునే ఉన్నాను కనుక నోరు విప్పాను.

"మా ఇంట్లోనూ ముగ్గురం జూన్ ఒకటినే పుట్టాం ఆంటీ, ఏళ్లే వేరు. నాన్న ముగ్గుర్నీ ఒకేసారి స్కూల్లో చేర్చారు. హెడ్మాస్టరు గారు అందరికీ అదే తేదీ వేసేశారు. మీవాళ్లూ పిల్లలందరికీ ఒకేసారి బాప్తిస్మం ఇప్పించారేమో!"

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని కాగితం పైవరుస చదివింది. బాప్తిస్మాల పట్టిక అనే ఉంది.

"తేదీలే చూశాను, ఇది చూడనేలేదు," అంటూ రాయికోసం రాసుకున్న వాక్యంలో 'జననం' కొట్టేసింది. "మరి నువ్వు నిజంగా ఎప్పుడు పుట్టావు?"

"తెలీదు. అమ్మానాన్నా లేరు. ఈ దేశంలోనే, హారిస్‌డేల్‌లో అక్క ఉంది."

"అయితే అడుగు. నాకు అడగడానికి ఎవరూ మిగల్లేదు."

రైలు కదిలింది. దిగగానే అక్కకి ఫోన్ చేశాను.

"తేదీ ఏం గుర్తుంటుందిరా! పెద్ద వాన. నువ్వు పుట్టిన హడావుడిలో నాకు అన్నం పెట్టడం అందరూ మర్చిపోయారు."