చించేసిన హాజరు పుస్తకాలు

ముంబై కామాఠిపురాలో మేముండే చాల్‌లో, మా పక్క ఒంటిగది ఖోలీ మేస్త్రీ ఆంజనేయులుది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే కూలీలకు ముప్పై ఏళ్లుగా పని చూపిస్తున్నాడు. నాలుగు గుంపుల కూలి డబ్బునూ బిల్డర్ ఆయన ఒక్కడి ఖాతాలోనే వేసేవాడు. శనివారం ఆయన పంచేవాడు. హాజరు పుస్తకంలో అందరూ వేలిముద్ర వేసేవారు.

పని ముగిసి ఊరికి వెళ్లే రోజు గుంపంతా వరండాలో కూర్చునేది. ఆయన లెక్క చదివి, పుస్తకాన్ని అందరి ముందే చించేవాడు. ఇక ఎవరికీ ఎవరూ బాకీ లేరని. ఆ తర్వాతే చాయ్.

జీఎస్టీ తనిఖీ నోటీసు వచ్చినప్పుడు నా దగ్గరికి తెచ్చాడు. నేను చదివింది కెమిస్ట్రీ, పన్నులు కాదు. మా పాపను భుజాన వేసుకుని రెండుసార్లు చదివాను. ఖాతాలో పడిందంతా ఆయన రాబడేనట. పన్నూ జరిమానా కలిపి తొమ్మిది లక్షలు.

"పాత పుస్తకాలున్నాయా మామా?"

"చింపిన గద బిడ్డా. హిసాబు తెగినంక కాయితం దాసుకుంటే, ఆళ్లను దొంగలన్నట్టు కాదా?"

అప్పీలు వేయాలంటే పన్నులో పదో వంతు ముందే కట్టాలి. కాంక్రీటు మిక్సర్ అమ్మి కట్టాడు. విచారణ రోజు నాతోపాటు లచ్చమ్మ కూడా వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఆయన గుంపులో ఇటుకలు మోసిన మనిషి. అధికారి బల్ల మీద బొటనవేలు పెట్టింది.

"నా కూలి నాకు ముట్టింది సారు. ముద్ర కావాల్నంటే తీస్కోండ్రి."

నేను హిందీలో చెప్పాను. అధికారి కసురుకోలేదు, ఆమెకు కుర్చీ చూపించాడు. "అందరిదీ రాసిన ఆధారం ఏదైనా ఉందా?" అని మాత్రం అడిగాడు.

నెల తిరిగేసరికి అప్పీలు కొట్టేశారు. మిగతాది కట్టడానికి ఆంజనేయులు ఖోలీ అమ్మేశాడు.

ఖాళీ చేసే ముందు చివరి గుంపు లెక్క తేల్చాడు. పేర్లు చదివాడు, ముద్రలు పడ్డాయి. పుస్తకం మూసి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

"చింపన్నా," అంది లచ్చమ్మ.

ఆయన దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టెలో పెట్టాడు.

"ఇన్నేండ్లకు మేం దొంగలమైతిమా అన్నా?" కోపంగా అడగలేదామె.

ఆయన నా వైపు చూశాడు. పుస్తకం దాచుకోమన్నది నేనే. పాప బొత్తాలు సర్దుతూ తల దించుకున్నాను.

చాయ్ వచ్చింది. చించకముందే తాగడం ఆ గుంపులో ఎవరికీ అలవాటు లేదు.