బాత్రూం తూము దగ్గర చీమల బారు

మా చిన్నప్పుడు... గాజువాకలో నాలుగు వాటాల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నాలుగు కుటుంబాలకీ కలిపి పెరట్లో ఒకటే కొళాయి, ఒకటే బాత్రూం. మా వాటాలో నాకో ఉద్యోగం ఉండేది... చీమల్ని కనిపెట్టడం.

ఆ ఉద్యోగం ఇచ్చింది మామ్మ, అంటే నాన్న తల్లి. చలిచీమలు గుడ్లు మోసుకుని గోడెక్కితే వానొస్తుందని డాబా మీద వడియాలు తీయించేది. గండుచీమల జోలికి పోనిచ్చేది కాదు. ఎర్రచీమల మీద మాత్రం కనికరం లేదు... తినేవి దాచే జాలీ బీరువా నాలుగు కాళ్ళ కిందా నీళ్ళ పళ్ళేలు, నీళ్ళలో రెండు చుక్కల కిరసనాయిలు. గోడ నెర్రెల్లో తడి సబ్బుముక్క కుక్కి, పైన పసుపు అద్దేది.

కానీ అవన్నీ తర్వాత. ముందు చీమల బారు పట్టుకుని అవి దేనికోసం వస్తున్నాయో చూసి రావాలి. అది నా పని.

"సీమ ఊరికినే రాదు ఒలే. ఎందుకొచ్చిందో ముందు సూడు. సంపడానికేటి, ఎప్పుడైనా సంపొచ్చు" అనేది మామ్మ.

ఒకసారి అలా వెళ్తే బారు అమ్మ ట్రంకుపెట్టెలోకి పోయింది. చీరల కింద అమ్మ దాచుకున్న బెల్లం జీళ్ళు బయటపడ్డాయి. మామ్మ పడీపడీ నవ్వింది. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అమ్మకి పరువు ప్రాణం.

ఆ ఏడు వేసవిలో చిన్నాన్న వాళ్ళింట్లో పిన్ని పురుడని మామ్మ ఊరెళ్ళింది. అదే నెలలో బాత్రూం తూము దగ్గర చీమలు మొదలయ్యాయి.

ఇంటి ఓనరమ్మ మా గుమ్మం ముందుకొచ్చి నిలబడి, మిగతా మూడు వాటాలవాళ్ళూ వింటుండగా అడిగింది... మీవాళ్ళు వెళ్ళొచ్చాకే పడుతున్నాయి, మీకు శుభ్రం లేదా అని. రోజుకి రెండుసార్లు గచ్చు కడిగే మా అమ్మని. అమ్మ ముఖం నల్లబడిపోయింది.

నా ఉద్యోగం నేను చేశాను. రెండు రోజులు తూము దగ్గర గొంతుక్కూర్చుని చూశాను. ఎవరు వెళ్ళొచ్చినా రాని చీమలు నాన్న వెళ్ళొచ్చాక మాత్రం వస్తున్నాయి. పరుగెత్తుకెళ్ళి అమ్మకి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

అమ్మ నా నోరు నొక్కేసింది. "ఆడపిల్లవి, ఇలాటియ్యా సూత్తన్నావ్? ఎవులితోనైనా అన్నావంటే సంపేత్తాను."

తర్వాత ఫినాయిల్ సీసా నా చేతికిచ్చింది. నాన్న బయటికొచ్చిన వెంటనే, ఓనరమ్మ చూడకముందే పోసి కడిగెయ్యమంది. కడిగేశాను. రోజూ... పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. చీమలు పోయాయి. ఓనరమ్మ నోరు మూతపడింది. అమ్మా నేనూ గెలిచామనుకున్నాం.

నాన్న పోర్టులో కళాసీ. ఆ రోజుల్లో చెంబుడు నీళ్ళు ఒక్క గుక్కలో తాగేసి ఇంకో చెంబు అడిగేవాడు. బెల్టుకి మేకుతో కొత్త కన్నాలు పొడుచుకునేవాడు. ఎండలో పని కదా, అలాగే ఉంటుంది అనుకున్నాం.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం నాన్న షిఫ్టు దిగొచ్చి చాప మీద నిద్రపోతున్నాడు. గుమ్మం సందులోంచి ఎర్రచీమల బారు. అలవాటు కొద్దీ దాని వెంట వెళ్ళాను. అది నాన్న అరికాలి దగ్గర ఆగింది. అక్కడ చిన్న పుండు... ఎప్పుడో మేకు దిగిందట, ఆయనకే తెలీదు. చీమలు ఆ పుండు చుట్టూ కమ్ముకుని కుడుతున్నాయి.

చీమ కుట్టినట్టయినా లేదని మనం మాటవరసకి అంటుంటాం కదా... నాన్న నిజంగానే హాయిగా గురకపెడుతున్నాడు.

ఆసుపత్రిలో షుగరన్నారు. చాలాకాలంగా ఉండుంటుంది, ఇంత ముదిరేదాకా ఏం చేశారన్నారు. మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

మామ్మ ఊరినుంచి బస్సెక్కి తిన్నగా ఆసుపత్రికి వచ్చింది. ఏడవలేదు. ఆవిడ సొంత తమ్ముడికి ఈ జబ్బు చీమల వల్లే బయటపడిందట... మూత్రం పోసిన చోటల్లా పట్టేవట. వరండాలో అమ్మని ఒక్కటే అడిగింది.

"బాత్రూంకాడ సీమలు పట్టనేదేటే?"

అమ్మ నా వైపు చూసింది.

"నేదత్తా" అంది.

మామ్మ నా వైపు తిరిగింది. చీమల ఉద్యోగం నాది కదా, నా మాట మీదే ఆవిడకి నమ్మకం. నేను తల అడ్డంగా ఊపాను.

పోర్టు పని పోయాక నాన్న ఇంటి ముందు చిన్న బడ్డీ పెట్టుకున్నాడు. వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించి, "మా సీమల డాట్రు" అని మురిసిపోయేవాడు. ఆ రోజు చీమల్ని చూసి నాన్నని లేపింది నేనే కదా... ఆయనకి తెలిసింది అంతే. పోయేదాకా అంతే తెలుసు. అమ్మా నేనూ ఆ మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఓనరమ్మ మీద కోపం ఎప్పుడో చచ్చిపోయింది. అమ్మ మీద ఇంకా ఉంది. నా మీద అంతకంటే ఎక్కువ ఉంది.

ఇప్పుడు గోపాలపట్నంలో ఫ్లాట్. మొన్న చీమల మందు వేసే ఆయన్ని పిలిచాం. వచ్చాడు, మూలమూలకీ జెల్ చుక్కలు పెట్టాడు, ఇంక ఒక్కటి కనబడితే అడగండి మేడమ్ అన్నాడు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయి, ఎందుకొస్తున్నాయి అని ఒక్కమాట అడగలేదు. ఆయన వచ్చేలోపే నేను బాత్రూంలో తూము దగ్గర గొంతుక్కూర్చుని చూసుకున్నాను. మావారు నవ్వారు. నవ్వనీ...

మీ ఇళ్ళలో చీమల బారు వెంట వెళ్ళే పెద్దవాళ్ళు ఉండేవారా? వాళ్ళు ఏం చెప్పేవారో కింద రాయండి, చదువుకుంటాను. నాకైతే ఇక్కడ రాయాల్సింది ఒక్క జవాబే ఉంది. అడిగిన మనిషి లేదు, ఎవరి కోసం అడిగిందో ఆయనా లేడు...

పట్టాయి మామ్మా. నేనే కడిగేశాను.