బేరానికి బిగిసిన స్ప్రింగు

అవనిగడ్డ వెళ్లదలచినవాళ్లు విజయవాడలో పొద్దుటి బస్సే పట్టుకోవాలి. ఎండ ముదరకముందే చేరతారు, సీటూ దొరుకుతుంది. ఆరింటికల్లా నేను బస్టాండులో ఉన్నాను. బయట బండి మీద ఇడ్లీ బాగుంది. అయినా చట్నీ పల్చగా ఉందని సణిగి, ఇంకో గరిటె వేయించుకున్నాను. అది నా అలవాటు. ఆ అలవాటు గురించే ఈ ప్రయాణం.

కాలేజీల లాబొరేటరీలకు సామాన్లు సరఫరా చేయడం నా వ్యాపారం. ఆ రోజు తీసుకెళ్లేది ఒక్క పెట్టె. దాన్ని చేసిన షమీమ్ కూడా నాతో వచ్చింది. ఇంజనీరింగు చదివి, ఒక ఫ్యాక్టరీలో కొన్నాళ్లు చేసి మానేసి, గుణదలలో ఇంటి ముందుగదిలో పరికరాలు తయారుచేస్తోంది. పెట్టెలో ఉన్నది యాక్సిలరోమీటర్. కదిలే వస్తువు వేగం ఎంత చురుగ్గా మారుతోందో చూపిస్తుంది. ఫోనుల్లో ఉండేది కంటికి ఆనదు కాబట్టి, పిల్లలు చూసి నేర్చుకోవడానికి దీన్ని పెద్దగా, అద్దం మూతతో చేసింది. అవనిగడ్డ కాలేజీ ఫిజిక్స్ మేడంగారు, తమకు నచ్చితే చుట్టుపక్కల కాలేజీలకూ చెబుతానన్నారు. ఈ పని నిలబడకపోతే మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాలని షమీమ్‌కు వాళ్ల నాన్న షరతు.

ఉయ్యూరులో కూరగాయల గంపతో ఒకావిడ ఎక్కి షమీమ్ పక్కన కూర్చుంది.

"ఒళ్లో అదేంటమ్మాయ్, మిక్సీనా?"

"కాదండీ. బస్సు గబుక్కున కదిలితే మనం వెనక్కి పడతాం కదా. ఇందులో ఈ ఇత్తడి దిమ్మా అంతే. దీన్ని రెండు పక్కలా స్ప్రింగు రేకులు పట్టుకునుంటాయి. అవి ఎంత వంగితే ముల్లు అంత జరుగుతుంది."

అంతలో గేదె అడ్డొచ్చి డ్రైవరు బ్రేకు తొక్కాడు. గంప జారింది, మేమందరం ముందు సీటు రాడ్డు పట్టుకున్నాం. ముల్లు మాత్రం కాస్త వణికి ఊరుకుంది.

"మేమందరం పడ్డాం గానీ నీ దిమ్మ పడలేదేమ్మా" అంది ఆవిడ.

"ముందు బాగానే కదిలేదండీ. ఈ అంకుల్ వదులుగా ఉందన్నారు. పిల్లలు ఊపేస్తే విరుగుతుందని అంటున్నారేమోనని దళసరి రేకులు వేశాను. ఇన్నేళ్లుగా అమ్ముతున్నారు, ఆయనకు తెలుస్తుంది కదా."

నేను కిటికీలోంచి చెరకు తోటలు చూశాను. అంత శ్రద్ధగా చెరకును ఎన్నడూ చూడలేదు.

నేను పెరిగింది విజయవాడ వన్‌టౌన్‌లో, మా నాన్న స్టీలు సామాన్ల కొట్టులో. అక్కడ నచ్చిన వస్తువుకే వంక పెడతారు. బిందె మీద వేలితో కొట్టి "సొట్టుంది" అని కొనేవాళ్లు అంటే, "నీ వేలిదేనమ్మా ఆ సొట్ట" అని నాన్న నవ్వేవాడు. సొట్ట లేదని ఇద్దరికీ తెలుసు. "చాలా బాగుంది" అన్నవాళ్లు కొనకుండానే మెట్లు దిగిపోయేవాళ్లు. ఆ చదువుతోనే నెల కిందట గుణదల వెళ్లి, షమీమ్ పెట్టెను కొబ్బరికాయలా చెవి దగ్గర ఊపి, "లొటలొటమంటోందమ్మా, లోపల ఏదో వదులుగా ఉంది" అన్నాను. దిమ్మ కదలడమే దాని పని అని ఆమె అప్పటికే విడమర్చి చెప్పింది. అయినా అన్నాను. ఆమె నవ్వలేదు, వాదించలేదు. వెంటనే ధర తగ్గించింది. నా అంతవాడు లేడనుకుంటూ ఇంటికొచ్చాను.

పామర్రులో టీకి దిగినప్పుడు నిజం చెప్పేద్దామనుకున్నాను. టీ చల్లారింది, కండక్టరు విజిల్ వేశాడు, ఎక్కేశాను.

కాలేజీకి చేరేసరికి తొమ్మిది దాటింది. మేడంగారు పెట్టెను చక్రాల పలక మీద పెట్టి, దారానికి చిన్న బరువు కట్టి లాగించారు. ముల్లు కదలనట్టే ఉంది.

"దీన్ని పిల్లలకెలా చూపించనమ్మా? లెక్క వేసుకోకుండానే చేశావా?"

"పొరపాటు నాదే మేడం" అంది షమీమ్. నా వైపు చూడనైనా లేదు.

నా నోరు ఊరుకోలేదు. "రోడ్డు కుదుపులకి ఎక్కడో పట్టేసుంటుందండీ" అన్నాను. అబద్ధానికి అబద్ధం చుట్టం.

"పట్టేయలేదు మేడం. రేకులు దళసరివి. పాతవి తెచ్చాను" అని షమీమ్ బ్యాగులోంచి సబ్బుపెట్టె తీసింది. అందులో గుడ్డలో చుట్టి నాలుగు సన్నటి రేకులు. స్క్రూలు ఊడదీసి, దళసరివి తీసి, ఇవి బిగించింది. ఒక పక్క కాస్త, రెండో పక్క కాస్త, మళ్లీ మొదటి పక్క. అన్నీ సమంగా బిగిస్తే గానీ ముల్లు సున్నా దగ్గర నిలబడదట. అడుగున నూనెలో మునిగే బిళ్లను సరిచూసి మూత వేసింది. కుదుపు ఆగాక దిమ్మ ఊగుతూనే ఉండకుండా ఆపేది ఆ బిళ్లే.

ఈసారి పలక కదలగానే ముల్లు నిండుగా జరిగి, ఆగగానే వచ్చి సున్నా మీద నిలిచింది.

"ఇంత బాగుంటే ముందు వీటినెందుకు తీసేశావు?" అన్నారు మేడంగారు.

షమీమ్ స్క్రూడ్రైవరు తుడవసాగింది. ఇక చెప్పవలసింది నేనే.

"బేరం కోసం నేను వంక పెట్టానండి. ఆ రోజు దాంట్లో లోపమేమీ లేదు."

షమీమ్ తలెత్తింది. "అంటే మీకు నచ్చిందా అంకుల్?"

"చాలా నచ్చిందమ్మా."

"నా లెక్క తప్పిందనుకుని మొత్తం మళ్లీ వేసుకున్నాను. ఈ పని నీకు రాదని నాన్న కూడా అన్నారు." గొంతు పెంచలేదు. "ఆ మాట ఆ రోజే అనొచ్చు కదండీ."

మిగతా కాలేజీల వాళ్లకు షమీమ్ నంబరే ఇస్తానని మేడంగారు నా ఎదుటే అన్నారు. న్యాయమే. ఈసారి నేను బేరమాడలేదు.

తిరుగు బస్సు మధ్యాహ్నం రెండింటికి. అవనిగడ్డ దారి ఎండలోనూ పచ్చగా ఉంటుంది, చూడదగ్గదే. నేను మాత్రం ఎక్కువభాగం నా చెప్పులు చూసుకుంటూ వచ్చాను. పామర్రులో జామకాయల గంపతో ఒకామె కిటికీ దగ్గరకొచ్చింది. ఒక కాయ తీసి నొక్కాను. పచ్చివని నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన షమీమ్ ఉంది.

"కాయలు బాగున్నాయమ్మా" అన్నాను.

కాయలామె గంప వెనక్కి లాక్కుంది. "బాగున్నాయన్నోళ్లెవరూ కొనరు బాబుగారూ. చెయ్యి తియ్యండి, బస్సు కదుల్తది."

అడిగినంతా ఇచ్చి కొన్నాను. ఒక కాయ షమీమ్‌కు అందించాను. ఆమె తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపింది.

"లోపల ఏదో వదులుగా ఉన్నట్టుంది అంకుల్" అంది.

నవ్వుతోందేమోనని చూశాను. ఆమె అటు తిరిగి కాయ కొరుకుతోంది.