పొలంలో వేలాడిన పెళ్లి డీవీడీ

మా నాన్న పోయాక ఆయన గొంతు లోకంలో ఒకే ఒక్క చోట మిగిలింది. దాన్ని భద్రం చేస్తానని బయలుదేరి నేనే ఖతం చేశాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా అక్క ముందు మాత్రం నవ్వకండి.

ఆ చోటు మా అక్క పెళ్లి డీవీడీ. పెళ్లి వీడియో మన దగ్గర ఎలా ఉంటుందో మీకు తెలుసు. తలంబ్రాల నుంచి భోజనాల దాకా ఎవరు నోరు తెరిచినా సినిమా పాటే వినిపిస్తుంది. మా నాన్నకు అది నచ్చలేదు. "పాటలు రేడియోల ఇంటం. మావోళ్లు మాట్లాడింది ఉంచు" అని మిర్యాలగూడ వీడియో ఆయన వెంటపడ్డాడు. ఆయన విసిగిపోయి డిస్కులో రెండు ఆడియోలు పెట్టాడు. మొదటిది పాటలు, రెండోది పెళ్లిలో మనుషులు నిజంగా మాట్లాడిన మాటలు. అప్పగింతల్లో అక్క చేయి బావ చేతిలో పెట్టి నాన్న అన్న మాట ఆ రెండోదాంట్లో ఉంది. ఏటా పెళ్లిరోజు నాడు అక్క రిమోట్‌తో ఆడియో మార్చుకుని అది వినేది.

కోదాడలో మా ఇంట్లో పాత కంప్యూటర్‌తో నేనొక మీడియా సర్వర్ తయారు చేశాను. అంటే ఇంట్లోని వీడియోలన్నీ ఒక పెట్టెలో పోసి, ఏ టీవీలోనైనా ఏ ఫోన్‌లోనైనా చూసుకునే ఏర్పాటు. అక్క దగ్గర డీవీడీ అడిగి తెచ్చి అందులోకి ఎక్కించాను. పాత ఫార్మాట్ కదా, ఫోన్‌లో ఆగి ఆగి నడిచింది. కొత్త ఫార్మాట్‌లోకి మార్చాలి, దాన్నే ట్రాన్స్‌కోడింగ్ అంటారు. మామూలుగా పూటంతా పట్టే పనిని గ్రాఫిక్స్ కార్డు నేను టీ తాగేలోపు ముగించింది. ఫైలు సైజు తగ్గింది, బొమ్మ చెక్కుచెదరలేదు. అక్క చీర జరీ అంచు కూడా కనిపిస్తోందని నా భుజాలు నేనే చరుచుకున్నాను. పాట వినిపించింది కాబట్టి సౌండు కూడా ఉన్నట్టే అనుకున్నాను. చోటు మిగులుతుందని అసలు ఫైలు తీసేశాను.

అక్కడితో ఆగితే నేను నేనెందుకవుతాను? నేరేడుచర్ల దగ్గర బావకు మొక్కజొన్న చేను ఉంది. చిలకలను బెదరగొట్టడానికి పాత సీడీలు కడుతున్నానని ఆయన అంటే, సర్వర్లో ఎక్కించాక ఇంకెందుకని ఆ డీవీడీని కూడా కట్టలో చేర్చి ఇచ్చాను.

పెళ్లిరోజు వచ్చింది. అక్క ఇంట్లో టీవీకి ఫోన్ కలిపి గర్వంగా నొక్కాను. అప్పగింతలు వచ్చాయి. నాన్న గొంతు సవరించుకుని నోరు తెరిచాడు, హుషారైన డ్యాన్సు పాట మోగింది. ఆయన కళ్లు తుడుచుకుంటూ ఆ పాటే పాడుతున్నట్టుంది.

"ఆడియో మార్చు తమ్మీ" అంది అక్క.

మార్చడానికి రెండోది లేదు. ఏ ఆడియోలు ఉంచాలో చెప్పకపోతే నా సాఫ్ట్‌వేర్ మొదటిది ఒక్కటే ఉంచుతుందని అప్పుడు తెలిసింది నాకు. వీడియో ఆయన దుకాణం ఎత్తేసి ఎటో వెళ్లిపోయాడు. నేనూ బావా బండేసుకుని చేనుకు ఉరికాం. డిస్కు దొరికింది. కట్టేటప్పుడే బావ తాడు కోసం దాని అంచున మేకుతో రంధ్రం పొడిచాడట, ఎండకు పూత పొలుసులుగా లేచింది, ఇక అది ఏ ప్లేయర్‌లోనూ ఆడదు. దాని పక్క కంకి మీదే ఒక చిలక తీరిగ్గా గింజలు తింటోంది. నాన్న ఉంటే ఒక్క కేకతో దాన్ని తోలేవాడు. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చేసరికి అక్క టీవీ ముందే కూర్చుని ఉంది. బావ పక్కన కూర్చుని టీవీ సౌండు తీసేశాడు. తెర మీద నాన్న నోరు తెరవగానే తానే అందుకున్నాడు.

"మా పిల్లకు కోపం ఎక్కువ బిడ్డా. జర నువ్వే తగ్గాలె."

అక్క ఏడ్చింది, నవ్వింది. అప్పటి నుంచి పెళ్లిరోజుకు డబ్బింగ్ బావదే. అయితే ఈ ఏడు ఆయన మాట కాస్త మారింది.

"మా పిల్లకు కోపం ఎక్కువ బిడ్డా. జర ఇద్దరూ తగ్గాలె."

"మా నాన్న గట్ల అనలే" అంది అక్క.

"గట్లనే అన్నడు. కాదంటే వీడియోల సూపెట్టు" అన్నాడు బావ.

అక్క ఆయన్ని వదిలేసి నా వైపు చూసింది. లేచి వెళ్లి నాన్న ఫొటో ముందు చేతులు కట్టుకుని ప్రమాణం చేశాను. ప్రతి ఆడియో చెవులారా వినందే ఈ జన్మలో ఏ ఫైలూ తీసేయను, ఏ డిస్కూ చిలకల మీదికి పంపను. నాన్న ఏమీ అనలేదు. ఆయన అన్న ఒక్క మాటనూ పోగొట్టింది నేనే కదా.