లాకేరి అత్త కాలి కీలు

బుగాండాలోని మసాకా ఊరి బజారులో లాకేరి నోటికి జంకని మనిషి లేడు. నేలదాకా జారే గోమేసి గౌన్లు కుట్టడంలో ఆమెది అందెవేసిన చెయ్యి. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి పీల్చుకునే ఆడవాళ్ళను "ఊపిరి వదులు తల్లీ, ఇది వేసుకున్న రోజు తిండి తినవా ఏం?" అని అందరి ముందూ అడిగేసేది. అలాంటి మనిషికి నిరుడు వానల్లో పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. నోరు రెండు వారాల్లో తిరిగొచ్చింది, చెయ్యి నాలుగు నెలలు తీసుకుంది. ఎడమ పాదం మాత్రం మొరాయించింది. అడుగు వేస్తే వేళ్ళు నేలకు రాసుకునేవి.

ఆసుపత్రి వెనక షెడ్డులో బ్రేసులు చేసే ముగెర్వా ఆమె కాలికి అచ్చు తీసి, పిక్క నుంచి వేళ్ళ దాకా ఒకే ముక్కగా తెల్లటి ప్లాస్టిక్ బ్రేసు చేసిచ్చాడు. అది పాదాన్ని జారకుండా పట్టి ఉంచింది. లాకేరి నడిచింది. ముగెర్వా కాగితం మీద 'నడక బాగుంది' అని రాసుకుని, ఆ పని అయిపోయిందనుకున్నాడు.

అయిపోలేదు. బుగాండాలో ఆడమనిషి నడిస్తే సరిపోతుందా? ఎదురైన పెద్దవాళ్ళను మోకరిల్లి పలకరించాలి. చీలమండ వంగని బ్రేసుతో కిందికి దిగితే కాలు కొయ్యలా అడ్డం పడుతుంది. దిగలేక, నిలబడి పలకరించడానికి మనసొప్పక, లాకేరి మనుషుల్ని తప్పించుకుని అరటి తోటల వెనకగా కొట్టుకు వెళ్ళడం మొదలుపెట్టింది. రోగం వచ్చిన మనిషిని ఎవరూ తప్పు పట్టలేదు, నిజమే. తనను తనే తప్పు పట్టుకుంది. ఆ నోటికి అంత సిగ్గు ఉంటుందని ఎవరనుకుంటారు?

అంతలో ఆమె తమ్ముడు సెమ్వాంగా కూతురు జోవియాకు సంబంధం కుదిరింది. వాళ్ళ ఆచారం ప్రకారం అబ్బాయి తరఫు వాళ్ళు పిల్లనడగడానికి వచ్చిన రోజు, పిల్ల మేనత్త ఆ మగాళ్ళ గుంపులోకి వెళ్ళి, వరుడెవరో పోల్చుకుని, అతని ముందు మోకరిల్లి పిల్ల తరఫున మాటివ్వాలి. జోవియాకు నడక, మాట, వంట, కోపం దిగమింగడం, అవసరమైతే దిగమింగకపోవడం, అన్నీ నేర్పింది లాకేరే.

"నువ్వు దర్జాగా కుర్చీలో కూర్చో అక్కా," అన్నాడు సెమ్వాంగా. "ఆ పని చెల్లి ఎసెజా చేస్తుంది."

"కుర్చీలో కూర్చోడానికి నేను చుట్టాన్నా?" అంది లాకేరి.

పక్క గదిలోంచి జోవియా కేకేసింది. "అత్త కాకపోతే నేను బయటికే రాను నాన్నా. నువ్వే వెళ్ళి కూర్చో వాళ్ళ పక్కన."

మర్నాడు పొద్దున్నే లాకేరి ముగెర్వా షెడ్డుకు వెళ్ళి బ్రేసు విప్పి బల్ల మీద పెట్టింది.

"ఏమైందమ్మా? నడుస్తున్నావు కదా."

"నడుస్తున్నాను. మోకరిల్లలేకపోతున్నాను."

"కుర్చీ వేసుకుని..."

"ఇంకోసారి కుర్చీ అన్నావంటే దీంతోనే కొడతాను. మీ ఇంట్లో నీకు తిండి ఎలా పెడతారయ్యా? నిలబడి విసిరేస్తారా?"

ముగెర్వా తల గోక్కున్నాడు. పుట్టినప్పటి నుంచి తల్లి, అక్కలు, భార్య మోకరిల్లి పళ్ళెం అందిస్తూనే ఉన్నారు. వందల చీలమండలకు అచ్చులు తీసిన మనిషి, మోకరిల్లేటప్పుడు చీలమండ ఏం చేస్తుందో ఒక్కనాడూ చూడలేదు. మగబుద్ధి! ఆ సాయంత్రం భార్య ఉడికిన అరటికాయ ముద్ద మటోకే తెస్తే, నేల మీద బోర్లా పడుకుని ఆమె పాదాలకేసి చూశాడు.

"నెమ్మదిగా దిగు. ఇంకా నెమ్మదిగా. ఆగు, అక్కడే ఆగు."

"పెళ్ళయి పద్దెనిమిదేళ్ళయింది," అంది భార్య, సగంలో ఆగి. "ఇవాళ కనిపించానా నీకు? తొందరగా చూడు, చెయ్యి కాలుతోంది."

వారం తిరక్కుండా ముగెర్వా కొత్త బ్రేసు చేశాడు. ఈసారి పిక్క ముక్క వేరు, పాదం ముక్క వేరు. రెంటినీ చీలమండకు అటూ ఇటూ కీళ్ళతో కలిపి, వెనక చిన్న అడ్డు పెట్టాడు. పాదం కిందికి జారబోతే అడ్డు ఆపుతుంది, పిక్క ముందుకు వాలితే కీలు వంగనిస్తుంది. వేళ్ళు మడవడానికి వీలుగా ముందు భాగం కత్తిరించాడు. చాప మీద జారకుండా అడుగున టైరు రబ్బరు అంటించాడు.

"దిగడం తేలికేనమ్మా, లేవడమే కష్టం. కుడి పాదం ముందు పెట్టి, ఎడమ వేళ్ళతో నేలను తన్నిపట్టు. ఎవరైనా చెయ్యి పట్టి లాగారంటే మాత్రం పడతావు."

లాకేరి మూడు వారాలు కుట్టుమిషనుకూ గోడకూ మధ్య దిగింది, లేచింది. బట్టల మూట మీద పడి, ఆ మూటను తిట్టింది. చివరికి పదిసార్లలో తొమ్మిదిసార్లు లేవగలిగింది. ఆ పదోసారి సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు రానే వచ్చింది. పందిరి కింద చాపలు పరిచారు. అబ్బాయి తరఫున ముప్పై మంది మగాళ్ళు తెల్లటి పొడుగు కంజూ అంగీల్లో కుర్చీల మీద కూర్చున్నారు. ముగెర్వా భార్యతో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. 'అవసరమైతే' అంటూ ఎసెజా కొత్త గోమేసి కట్టుకుని అక్క వెనకే నిలబడింది. లాకేరి వరసల మధ్య నడిచి, మూడో వరసలో తల దించుకున్న పెళ్ళికొడుకు లుబ్వామా ముందు ఆగింది.

"ఇంత భయపడుతున్నాడంటే వీడే," అంది. అందరూ నవ్వుతుండగానే ఎడమ మోకాలు చాపకు ఆనించి దిగింది. కీలు వంగింది. పలకరించింది, మాటిచ్చింది. ఒక్క అక్షరం తడబడలేదు.

ఇక లేవాలి. కుడి పాదం ముందు పెట్టి బలం వేసింది. ఎడమ వేళ్ళు పట్టు తప్పాయి. మోకాలు మళ్ళీ చాపకు తగిలింది.

సెమ్వాంగా లేచి నిలబడ్డాడు. ఎసెజా ఒక అడుగు ముందుకు వేసింది. లుబ్వామా కంగారుగా రెండు చేతులూ చాపాడు.

"చేతులు వెనక్కి పెట్టుకో నాయనా," అంది లాకేరి. "నేను లేచేదాకా పిల్ల నీది కాదు. నాకేం తొందర లేదు. నీకుంటే చెప్పు."

పందిరంతా గొల్లుమంది. "మాకూ లేదమ్మా, రేపటిదాకా కూర్చుంటాం!" అని అబ్బాయి తరఫు ముసలాయన అరిచాడు. లుబ్వామా బుద్ధిగా చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ నవ్వుల్లో లాకేరి ఊపిరి పీల్చుకుని, వేళ్ళు మళ్ళీ మడిచి, రబ్బరును చాపకు గట్టిగా అదిమింది. వెనక వరసలో ముగెర్వా తన భార్య చెయ్యి పట్టుకుని లేచి నిలబడ్డాడు, తనే లేవాలన్నట్టు.

లాకేరి లేచింది. ఒక్కతే లేచింది. గోమేసి నడుంపట్టీ సర్దుకుంది. లోపలి గదిలో కిటికీ చువ్వలు పట్టుకుని చూస్తున్న జోవియా వెక్కి వెక్కి ఏడ్చేసింది.

"ఇప్పుడు నీదిరా," అంది లాకేరి.