ఎత్తి తాగిన నీళ్ళు

తెనాలి నుంచి రేపల్లె పోయే రైల్లో నాకెదురుగా ఒక నడివయసు మనిషి కూర్చుంది. ఫోన్లో అలారం మోగగానే నడుముకు దోపుకున్న బొడ్డుసంచిలోంచి మాత్ర తీసి, నన్ను మంచినీళ్ళు అడిగింది.

"షుగరా?" అన్నాను.

"కాదు మామ్మగారూ, హెచ్‌ఐవి."

ఆమె పక్కన కూర్చున్నావిడ లేచి వేరే సీటుకు వెళ్ళిపోయింది. ఈమె నవ్వి, "చెప్పినప్పుడల్లా సీటు ఖాళీ అవుద్ది" అంటూ కాళ్ళు చాపుకుంది.

ఇల్లెక్కడని అడిగాను. రోగం సంగతి తెలిసి అద్దెగది ఖాళీ చేయించారట. మామూలు రోజుల్లో చర్చి అరుగు మీద, వానొస్తే స్టేషన్లో పడుకుంటుందట.

"ఓసారి బట్టల సంచి ఎవరో ఎత్తుకుపోయారండి. మందులు మాత్రం నడుముకే ఉన్నాయి. ఒక్కపూట మానలేదు. పరీక్షలో వైరస్ కనపడట్లేదన్నారు డాక్టరుగారు. అంటే పోయిందని కాదు, అణిగి ఉంది. మందు మానితే లేస్తది. అణిచిపెట్టింది నేనే."

సీసా ఇచ్చాను. పైకెత్తి పోసుకోబోతే రైలు కుదుపుకు నీళ్ళు చీర మీద ఒలికాయి.

"నోటికి పెట్టుకునే తాగమ్మా, నాకేం పట్టింపు లేదు" అన్నాను, ఏదో ఉపకారం చేస్తున్నట్టు.

"అట్టా అంటుకోదని నాకూ తెల్సు మామ్మగారూ. ఎవరి సీసా అయినా ఎత్తే తాగాలని మా అమ్మ నేర్పింది. ఇల్లు పోయిందని పద్ధతి కూడా పోద్దా ఏంటి?"

మాత్ర నోట్లో వేసుకుని, తల వెనక్కి వంచి, మళ్ళీ ఎత్తే పోసుకుంది. ఈసారి చుక్క ఒలకలేదు.

అలాంటి మనిషి ఎదుట కూర్చుని రేపల్లె దాకా వెళ్ళానని ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటాను.