టీసీ ముందు, సీటు తర్వాత

ఇప్పటికీ ఏ ఆఫీసులోనైనా కౌంటర్ ముందు నిలబడితే నా అరచేతులకు చెమటలు పడతాయి. అడిగినవాళ్ళకు బీపీ అని చెబుతాను. బీపీ లేదు, పాడూ లేదు. బీఎస్సీ మధ్యలో కాలేజీ మారబోయి మేం పడ్డ పాట్లు అవి.

ఎనభైల చివరి మాట. మాది అంగలకుదురు. నాన్న తెనాలిలో ఒక రైసు మిల్లులో కాటా దగ్గర పని చేసేవాడు. నేను తెనాలిలోనే ఒక ప్రైవేటు కాలేజీలో బాటనీ, జువాలజీ, కెమిస్ట్రీ చదివేదాన్ని. మొదటి సంవత్సరం ఎలాగో గట్టెక్కాం. రెండో ఏడు ఫీజు ఒక్కసారిగా పెంచేసరికి నాన్న చేతులెత్తేశాడు. బాపట్లలో ఫీజు తక్కువ కాలేజీ ఉందని, రైలు పాసు తీసుకుంటే రోజూ వెళ్ళి రావచ్చని మిల్లులో ఎవరో చెప్పారు. అదీ కుదరకపోతే చదువు మానేసి చీరాలలో పిన్ని వాళ్ళ బట్టల కొట్టులో కూర్చోవాలి. అమ్మ అప్పటికే ఆ మాట పిన్ని చెవిన వేసింది. నాకా కొట్టు తలుచుకుంటేనే ఏడుపొచ్చేది. మొదటిసారి మైక్రోస్కోపులో ఉల్లిపొర చూసి రాత్రంతా నిద్రపోని దాన్ని, జాకెట్టు ముక్కలు కోస్తూ కూర్చుంటానా?

నాన్న మా లూథరన్ గుడిలో సంఘ పెద్ద. మావాళ్ళలో ఒక పద్ధతుంది. కాపురం వేరే ఊరికి మారిస్తే ముందు పాత సంఘం పాస్టరు గారి దగ్గర బదిలీ ఉత్తరం తీసుకుంటారు. అది చూపిస్తే కొత్త సంఘం మారుమాట లేకుండా కలుపుకుంటుంది. ఉత్తరం లేకుండా పోయి నన్ను చేర్చుకుంటారా అని అడగటం పాత సంఘానికి అవమానం. నాన్న లెక్కలో కాలేజీ కూడా అంతే. ఎవరినీ ఒక్క మాట అడగకుండా తెనాలి కాలేజీకి వెళ్ళి, ప్రిన్సిపాల్‌కి దణ్ణం పెట్టి, మర్యాదగా నా టీసీ తెచ్చేశాడు. నేనూ ఎగిరి గంతేశాను.

బాపట్లలో ఆఫీసు గుమాస్తా ఆ టీసీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సీటుందని మా దగ్గర కాగితం తీసుకున్నారా?”

“లేదండి. టీసీ తెచ్చామండి,” అన్నాడు నాన్న.

“అయ్యో పెద్దాయనా, రెండో ఏడులో ఆ గ్రూపు నిండిపోయిందండి. ముందు సీటు సంగతి కనుక్కుని అప్పుడు కదండీ టీసీ తీసుకోవాల్సింది?”

“టీసీ ఉందిగదండీ మరి,” అన్నాడు నాన్న మళ్ళీ. ఆ టీసీతోనే తిరుగు రైలెక్కాం.

మర్నాడు తెనాలి కాలేజీకి పరిగెత్తాం. పేరు కొట్టేశాం, మళ్ళీ చేర్చుకోవాలంటే యూనివర్సిటీ ఒప్పుకోవాలి, ఈ ఏడాదికి అది తేలే పని కాదన్నారు. అంటే నేను ఇప్పుడు ఏ కాలేజీ పిల్లనీ కాదు. గేటు దగ్గర నాతో చదివినవాళ్ళు రికార్డు పుస్తకాలు పట్టుకుని ల్యాబుకు పోతుంటే, ఎవరైనా పలకరిస్తారేమోనని తల దించుకుని రిక్షాల చాటుకు వెళ్ళిపోయాను.

“బాగానే ఉంది సంబడం! గేదెకు తాడు విప్పేముందు కూడా ఎక్కడ కట్టాలో చూసుకుంటాం గదయ్యా!” అంది అమ్మ.

“నిన్నెవరు తెమ్మన్నారు నాన్నా?” అని నేనూ అరిచాను. కంచం ముందు కూర్చున్నవాడల్లా ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ఇక మిగిలింది రేపల్లె కాలేజీ. అక్కడ కూడా లేదంటే చీరాల కొట్టే. ప్రిన్సిపాల్ పెద్దమనిషి, అంతా విన్నాడు. నాన్న గుడి పద్ధతి చెప్పి, “తప్పు నాదండి, పిల్లది కాదు,” అన్నాడు.

“రేపు రండి, ఆలోచించి చెప్తాను.”

నాన్న పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పటం నేనెన్నడూ చూడలేదు. లేస్తాడనుకున్నాను. లేవలేదు.

“రేపటిదాకా మా పిల్ల ఏ కాలేజీ పిల్లండీ?” అన్నాడు. “నేను రేపు రాలేనండి. ఏదైనా ఇవాళే చెప్పండి.”

ప్రిన్సిపాల్ బంట్రోతును పంపి జువాలజీ సార్ని పిలిపించాడు. ల్యాబులో ఇంకొక్కరికి చోటుందా అని అడిగాడు. సర్దుకుంటామండి అన్నాడాయన. సంతకం అయిపోయింది. నేను బయటికొచ్చి వరండాలో స్తంభాన్ని పట్టుకుని ఏడ్చేశాను.

సాయంత్రం ప్లాట్‌ఫారం మీద బండి కోసం కూర్చున్నాం. నాన్న వేడి బజ్జీలు కొనిపెట్టాడు, తను ముట్టలేదు. ఎండకు మెరుస్తున్న పట్టాల వంక చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

“వాళ్ళు లేదని ఉంటే నిన్ను బండెక్కించి నేనిక్కడే ఆగిపోదామనుకున్నానమ్మా.”

“ఆగిపోయి?” అన్నాను.

ఆయన చూపు మళ్ళీ పట్టాల మీదికే పోయింది. ఇన్ని రోజులూ భయమంతా నాదే అనుకున్నాను. పొట్లం కింద పడేసి ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను. తెనాలి వచ్చేదాకా వదల్లేదు.